వూరి బాటకు ఏ తరగతి?
పటంలో ఒక్క మాట తేడాతో లారీలు ఇళ్ళ మధ్యకు వస్తున్నాయి

(మా విలేఖరి)

గోపన్‌పల్లి: తొవ్వ, కాలిబాట, బండ్ల బాట, గల్లీ, సడక్ - మన పల్లెల్లో దారికి ఇన్ని పేర్లు వున్నాయి. ఈ పేర్లు పెట్టిన పెద్దలు ఇంజనీర్లు కారు. అయినా పేరు వినగానే ఆ దారిన మనిషి మాత్రమే పోగలడా, ఎద్దుల బండి పోతుందా, మోటారు పోతుందా అన్నది తెలిసిపోతుంది. ఇప్పుడు అదే పని కంప్యూటరు పటాల మీద కొత్తగా జరుగుతున్నది. ప్రతి రోడ్డుకూ ఒక తరగతి కడుతున్నారు. సెల్‌ఫోనులో దారి చూపే లెక్క ఆ తరగతిని బట్టే నడుస్తుంది. తరగతి తప్పుగా పడితే బండి దారి తప్పుతుంది. ఆ కష్టం పటం గీసినవారికి కాదు, ఆ దారి పక్కన ఇల్లు వున్నవారికి.

ఈ చిక్కు ఎలా వుంటుందో తెలుసుకోవటానికి రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని గోపన్‌పల్లిని మించిన చోటు లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా కంపెనీలు ఇటు జరుగుతూ వచ్చాయి. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘాన్ని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. ఇవాళ గోపన్‌పల్లికి దక్షిణాన గౌలిదొడ్డి, విప్రో సర్కిల్, ఆర్థిక మండలం. ఉత్తరాన నల్లగండ్ల, లింగంపల్లి. పడమట సంగారెడ్డి జిల్లాలోని తెల్లాపూర్. తూర్పున హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. నాలుగు దిక్కుల రాకపోకలూ ఈ వూరి మీదుగానే. పాత వూరి గల్లీ, తండా బాట, కొత్త కాలనీల గేట్లు, ఫ్లైఓవరు - అన్ని రకాల దారులూ ఒక్కచోటనే కలుస్తున్నాయి.

అందరూ గీసే పటం

పటం అనగానే ప్రభుత్వ సర్వే శాఖ గీసినది గుర్తుకు వస్తుంది. కానీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం వేరు. 2004లో లండన్‌లో స్టీవ్ కోస్ట్ అనే యువకుడు దీనిని మొదలుపెట్టాడు. అప్పట్లో అక్కడ ప్రభుత్వం తయారు చేసిన పటాల వివరాలు వాడుకోవాలంటే డబ్బు చెల్లించవలసి వుండేది. జనమే తలా ఒక దారి గీసి, అందరికీ ఉచితంగా దొరికే పటం ఎందుకు చేసుకోకూడదన్నది అతని ఆలోచన. జీపీఎస్ యంత్రం పట్టుకుని సైకిళ్ళ మీద తిరిగి మొదటి వీధులు గీశారు. ఇప్పుడు ప్రపంచమంతటి దారులూ అందులో వున్నాయి. ఖాతా తెరిచిన ఎవరైనా దారి చేర్చవచ్చు, వున్న తప్పు దిద్దవచ్చు. ఎవరు, ఏ తేదీన, ఏమి మార్చారో మొత్తం చరిత్ర దాచి వుంటుంది.

ఇది కొందరి సరదా పని అనుకోవటానికి లేదు. అమెజాన్, ఆపిల్, మైక్రోసాఫ్ట్, మెటా వంటి కంపెనీలు ఈ పటంలోని వివరాలను తమ పనులకు వాడుకుంటున్నాయి. పటాల పని మన ప్రాంతానికి కొత్తదీ కాదు. 2016లో ఆపిల్ కంపెనీ తన పటాల కార్యాలయాన్ని తెరిచింది గోపన్‌పల్లికి దగ్గరలోని నానక్‌రామ్‌గూడ వేవ్‌రాక్ భవనంలోనే.

అయితే దూరాన కూర్చుని, ఆకాశం నుంచి తీసిన ఫోటో చూసి రోడ్డు గీసేవారికి ఆ రోడ్డు వెడల్పు కనిపిస్తుంది, వంపు కనిపిస్తుంది. ఆ దారిన ఎవరు, ఏ పని మీద పోతున్నారో కనిపించదు. తరగతి కట్టవలసింది మాత్రం సరిగ్గా దానిని బట్టే.

ఇంగ్లీషు తరగతులు, మన సడక్‌లు

మన దేశంలో రోడ్లకు తరగతులు కట్టే పని 1943లో నాగపూర్‌లో జరిగింది. దేశంలోని ప్రధాన ఇంజనీర్లంతా అక్కడ కూడి, రోడ్లను 5 రకాలుగా విడదీశారు. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రోడ్లు, ఇతర జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు. ఈ విభజనే నేటికీ వాడుకలో వుంది. రోడ్డు పక్కన పాతిన కిలోమీటరు రాయి నెత్తిన పసుపు రంగు వుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ వుంటే రాష్ట్ర రహదారి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు మీద నారింజ రంగు కనిపిస్తుంది. దేశంలో అన్ని రోడ్లూ కలిపి సుమారు 63 లక్షల కిలోమీటర్లు కాగా, జాతీయ రహదారులు అందులో సుమారు 1.46 లక్షల కిలోమీటర్లు మాత్రమే. అంటే నూటికి రెండు పాళ్ళు దాటి కొద్దిగా.

కాగా ఈ పటం పుట్టింది లండన్‌లో కనుక దాని తరగతులు ఇంగ్లండు రోడ్లను చూసి పెట్టినవి. అన్నిటికన్నా పైన మోటార్‌వే. నిర్ణీత చోట్ల మాత్రమే ఎక్కి దిగే వీలున్న వేగపు దారి అది. మన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ తరగతిలోకి వస్తుంది. దాని కింద ట్రంక్, ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ. మన దేశంలో పటం గీసేవారు జాతీయ రహదారికి ట్రంక్, రాష్ట్ర రహదారికి ప్రైమరీ, ప్రధాన జిల్లా రోడ్డుకు సెకండరీ, ఇతర జిల్లా రోడ్డుకు టెర్షియరీ అని స్థూలంగా ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. ఆ కింద వూళ్ళను కలిపే చిన్న రోడ్డు అన్‌క్లాసిఫైడ్, ఇళ్ళ మధ్య వీధి రెసిడెన్షియల్, పెట్రోలు బంకులోకో అపార్ట్‌మెంటులోకో తిరిగే దారి సర్వీస్, పొలాలకు పోయే బండ్ల బాట ట్రాక్, కాలిబాట పాత్.

ఈ పేర్లలో రెండు మాటలు మనవారిని తికమక పెడుతున్నాయి. ఒకటి అన్‌క్లాసిఫైడ్. తరగతి తేలనిది అని దీని అర్థం కాదు. ఇంగ్లండులో చిన్న ప్రజా రోడ్లకు అది వాడుక పేరు. రెండు వూళ్ళ మధ్య నడిచే మంచి గ్రామ రోడ్డు కూడా ఆ తరగతిలోదే. రెండవది సర్వీస్. ఔటర్‌కు రెండు వైపులా వున్న దారిని మనం సర్వీసు రోడ్డు అంటాం. పేరు ఒకటే కదా అని పటంలో దానికి సర్వీస్ తరగతి కడితే పొరపాటు. ఔటర్ మీదకు ద్విచక్ర వాహనాలను రానివ్వరు. చుట్టుపక్కల వూళ్ళవారి రాకపోకలకు ఆధారం ఆ పక్క రోడ్డే. నాలుగు వూళ్ళను కలిపే రోడ్డును పెట్రోలు బంకు దారితో సమానం చేయటం న్యాయం కాదు.

ఒక్క మాటతో తిరిగిపోయే దారి

ఏదో ఒక మాట రాస్తే ఏమవుతుందిలే అనుకునేవారు ఈ చిన్న లెక్క చూడాలి. ఈ పటం మీద దారి వెతికే ఉచిత సాధనాలలో ఓఎస్ఆర్ఎం అనేది ఒకటి. జర్మనీలోని కార్ల్స్‌రూయేలో పుట్టింది. వేగ పరిమితి వేరుగా రాసి లేకపోతే, కారుకు అది మొదటగా వేసుకునే వేగాలు ఇవి: మోటార్‌వే మీద గంటకు 90 కిలోమీటర్లు, ట్రంక్ మీద 85, ప్రైమరీ మీద 65, సెకండరీ మీద 55, టెర్షియరీ మీద 40, అన్‌క్లాసిఫైడ్, రెసిడెన్షియల్ రెండింటి మీద 25, సర్వీస్ మీద 15.

ఒక వూరికి చుట్టు తిరిగి పోయే పెద్ద రోడ్డు 3 కిలోమీటర్లు వుందనుకుందాం. దానికి సెకండరీ తరగతి. వూరి ఇళ్ళ మధ్య నుంచి పోతే 2 కిలోమీటర్లే. ఆ వీధికి రెసిడెన్షియల్ అని రాసి వుంటే, వీధిలో పోవటానికి 4 నిమిషాల 48 సెకన్లు పడుతుంది. పెద్ద రోడ్డు మీద 3 నిమిషాల 16 సెకన్లు చాలు. లెక్క పెద్ద రోడ్డునే చూపిస్తుంది. ఎవరో ఒకరు ఆ వీధి రద్దీగా వుంది కదా అని టెర్షియరీ అని మార్చారనుకోండి. అప్పుడు వీధిలో పట్టేది సరిగ్గా 3 నిమిషాలు. మలుపులు, సిగ్నళ్ళు పక్కన పెడితే, ఆ క్షణం నుంచి బండ్లన్నిటికీ ఇళ్ళ మధ్య దారే దగ్గర దారి. గల్లీ వెడల్పు ఒక్క అంగుళం పెరగలేదు. పెరిగింది పటంలోని మాట మాత్రమే. కానీ మరునాటి నుంచి వాకిట్లో ఆడుకునే పిల్లలు, అరుగు మీద కూర్చునే ముసలివారు, కట్టేసిన బర్రెలు - అందరి మధ్య నుంచీ కార్లు పోతాయి.

దీనికి మరో కీడు వుంది. రద్దీ వుంది కనుక తరగతి పెంచుతారు; తరగతి పెరిగింది కనుక రద్దీ ఇంకా వస్తుంది. అందుకే రద్దీ ఒక్కటే కొలబద్ద కాకూడదు. ఆ దారి దేనికోసం వుంది, ఏ వూరిని ఏ వూరితో కలుపుతుంది అన్నది చూడాలి.

తరగతి తగ్గించినా ముప్పే. తండాకు పోయే ఒకే ఒక మట్టి రోడ్డుకు పై నుంచి ఫోటో చూసినవారు ట్రాక్ అని రాశారనుకుందాం. కార్లకు దారి చూపే లెక్కల్లో ట్రాక్‌ను ముట్టనివి వున్నాయి. అప్పుడు తండా మనిషి ఆసుపత్రికి బండి పిలిస్తే ఫోను పొలం గట్టు దగ్గరే ఆగిపొమ్మంటుంది. లేదా మరో వైపు నుంచి మైళ్ళ కొద్దీ తిప్పుతుంది. పైగా పటాన్ని చిన్నది చేసి చూసినప్పుడు పెద్ద తరగతి రోడ్లే కనిపిస్తాయి. ఉన్న ఒక్క రోడ్డునూ కింది తరగతిలో వేస్తే ఆ వూరికి దారే లేదన్నట్టు వుంటుంది.

తారు వేస్తే తరగతి మారదు

మనవారిలో ఎక్కువమంది చేసే పొరపాటు రోడ్డు బాగుంటే పెద్ద తరగతి, గుంతలు పడితే చిన్న తరగతి అనుకోవటం. పటం నియమం అది కాదు. తరగతి రోడ్డు ప్రాముఖ్యాన్ని చెబుతుంది. తారా, సిమెంటా, మట్టా అన్నది, వరుసలు ఎన్ని అన్నది, వెడల్పు ఎంత అన్నది రాయటానికి వేరే గడులు వున్నాయి. ఉగాండా, కెన్యా, టాంజానియా వంటి తూర్పు ఆఫ్రికా దేశాలవారికి ఈ చిక్కు ముందే ఎదురైంది. అక్కడ ముఖ్యమైన రోడ్లు కూడా చాలా చోట్ల మట్టి రోడ్లే. మట్టి రోడ్డయినా పట్టణాలను కలిపేది పెద్ద తరగతిలోనే వుండాలని అక్కడివారు తమలో తాము నియమం పెట్టుకున్నారు.

మన జిల్లాలోనే ఇంకో ఉదాహరణ వుంది. మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా పోయే రోడ్డు 163వ నెంబరు జాతీయ రహదారి. మర్రిచెట్ల నీడన ఎన్నో ఏళ్ళు రెండు వరుసలతోనే నడిచింది. ఆర్థిక మండలంలో దానికన్నా ఎంతో వెడల్పైన రోడ్లు వున్నాయి, అవి జాతీయ రహదారులు కావు. దూర ప్రాంతాలను కలిపేది కనుక చేవెళ్ళ రోడ్డు తరగతి పెద్దది. కానీ పెద్ద తరగతి అన్నంత మాత్రాన అది వేగంగా పోదగిన రోడ్డు అయిపోదు. 2025 నవంబరులో చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొని 19 మంది మరణించిన ఘోరం జిల్లా ప్రజలు మరచిపోలేదు. కనుక ఇలాంటి రోడ్డుకు తరగతితో పాటు వరుసలు ఎన్నో, వేగ పరిమితి ఎంతో కూడా తప్పక రాయాలి. వేగ పరిమితి రాసి వుంటే లెక్క దానినే తీసుకుంటుంది.

గోపన్‌పల్లిలో చిక్కుముళ్ళు

ఇక గోపన్‌పల్లి సంగతి. విప్రో సర్కిల్ నుంచి గౌలిదొడ్డి, గోపన్‌పల్లి, నల్లగండ్ల మీదుగా లింగంపల్లి వైపు పోయే రోడ్డు ఏ తరగతి? ఇది జాతీయ రహదారి కాదు కనుక చిన్న తరగతి చాలునని ఒక వాదన. ఆర్థిక మండలానికి, లింగంపల్లికి మధ్య రాకపోకలు చాలా భాగం దీని మీదే కనుక పెద్ద తరగతి కావాలని మరొక వాదన. నగరాల రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేరే వరుస పెట్టింది. నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కలిపే ప్రధాన రోడ్డు, దాని తర్వాతది, పేటల రాకపోకలను పోగుచేసి పెద్ద రోడ్డుకు చేర్చేది, చివరకు ఇళ్ళ వీధి. ఈ వరుసలో చూస్తే గోపన్‌పల్లి రోడ్డు ఇళ్ళ వీధి కాదు, పేట రోడ్డు అంతకన్నా కాదు. ప్రధాన రోడ్డు తర్వాతి మెట్టు, అంటే సెకండరీ, దానికి సబబుగా తోస్తుంది. వూరి పొలిమేరలో ఒక తరగతి, పక్క వూరిలో మరొకటి పెట్టకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకటే వుండటం ముఖ్యం. మధ్యలో తరగతి విరిగితే దారి చూపే లెక్కా విరుగుతుంది.

రెండవది ఫ్లైఓవరు. గోపన్‌పల్లి తండా కూడలిలో 2024 జూలైలో దీనిని ప్రారంభించారు. గౌలిదొడ్డి వైపు నుంచి ఎక్కినవారు ఒక చేయి మీద నల్లగండ్లకు, మరొక చేయి మీద తెల్లాపూర్‌కు దిగుతారు. రాక లేదు, పోకే. ఈ ఒక వైపు సంగతి పటంలో రాయకపోతే ఎదురు నుంచి వచ్చే బండ్లనూ ఫోను పైకి ఎక్కమంటుంది. ఇక వంతెన వచ్చింది కదా అని కింది రోడ్డు తరగతిని తగ్గించటం తగదు. తండావారికి, కింద దుకాణాలవారికి, ఎదురు వైపు నుంచి వచ్చేవారికి అదే దారి.

మూడవది కాలనీల గేట్లు. గేటు వున్న ప్రతి దారీ సొంత దారి కాదు. అనుమతి పొందిన లేఅవుట్లలో రోడ్లను స్థానిక సంస్థకు దానపత్రం రాసి ఇవ్వాలి. అలా ఇచ్చినది ప్రజల రోడ్డే. అలాంటి దారికి ప్రైవేటు అని రాస్తే, దశాబ్దాలుగా అటు నడిచిన వూరివారిని పటంలో గెంటివేసినట్టే. అపార్ట్‌మెంటు ఆవరణలోని నిజమైన సొంత దారిని ప్రజా వీధిగా చూపటమూ తప్పే.

నాలుగవది రాబోయే రోడ్లు. హెచ్‌ఎండీఏ 2031 బృహత్ ప్రణాళికలో గీసిన రోడ్లు కొన్ని ఇంకా కాగితం మీదే వున్నాయి. ప్లాట్లు అమ్మేవారి కరపత్రాలలో అవి 100 అడుగుల రోడ్లుగా కళకళలాడుతుంటాయి. నేల మీద లేనిదానిని వున్నట్టు గీయరాదన్నది ఈ పటం మొదటి నియమం. పని జరుగుతుంటే నిర్మాణంలో వున్నదని రాయాలి. అమ్మేవారి మాట నమ్మి పటంలో రోడ్డు పెడితే, ఆ పటం చూసి ప్లాటు కొనేవాడు నష్టపోతాడు.

పటం పట్టా కాదు

ఇక్కడ గ్రామస్థులు ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఈ పటంలో గీసినంత మాత్రాన దారి హక్కు రాదు, చెరిపినంత మాత్రాన పోదు. బండ్ల బాట విషయంలో తగాదా వస్తే చూడవలసినది రెవెన్యూ గ్రామ నక్ష, తహసీల్దారు కార్యాలయంలోని రికార్డులు. నక్షలోని బాటను కొందరు దున్నేసి, కొందరు గోడ కట్టి మాయం చేస్తున్న రోజులివి. అలాంటి చోట ఫోను పటం చూపి లాభం లేదు. దరఖాస్తు పెట్టి కొలత వేయించుకోవాలి.

అలాగే లారీల బాధ పడలేక వీధిని పటంలో ప్రైవేటు అని రాసేద్దామనుకోవటమూ పొరపాటే. మరొకరు వచ్చి చూసి, గేటు లేదు, బోర్డు లేదు అని తిరిగి మారుస్తారు. వాదులాట పెరిగితే దానిని తీర్చే సంఘం కూడా ఆ పటం నడిపేవారిలో వుంది. సరైన పద్ధతి వేరు. నగరపాలక అధికారులను, ట్రాఫిక్ పోలీసులను అడిగి భారీ వాహనాలకు ప్రవేశం లేదన్న బోర్డు వేయించాలి, వేగ నిరోధకాలు కట్టించాలి. అప్పుడు వాటిని వున్నది వున్నట్టు పటంలో చేర్చాలి. నేల మీద బోర్డు ముందు, పటంలో మాట తర్వాత.

వూరివారు చేయగల పని

ఈ పనికి పెద్ద చదువు అక్కరలేదు. కంప్యూటరు లేకపోయినా సెల్‌ఫోను చాలు. స్ట్రీట్‌కంప్లీట్ అనే ఉచిత యాప్ దారి మీద నిలబడిన మనిషిని చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. ఈ రోడ్డు తారా, మట్టా, దీపాలు వున్నాయా అని. జవాబులు పటంలో చేరతాయి. తరగతి వంటి పెద్ద మార్పు చేసే ముందు పటంలోనే ఆ చోట ఒక చీటీ పెట్టి, ఇక్కడ తేడా వుందని రాయవచ్చు. ఇతర కంపెనీల పటం చూసి ఎక్కించటం మాత్రం నిషిద్ధం. కళ్ళతో చూసినది, కాళ్ళతో నడిచినది రాయాలి.

దానికన్నా ముందు చేయవలసిన పని రచ్చబండ దగ్గర వుంది. నలుగురు పెద్దలు, ఇద్దరు యువకులు కూర్చుని తమ వూరి దారులన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. ఎక్కడ నుంచి ఎక్కడికి, వానాకాలంలో బండి పోతుందా, ట్రాక్టరు మాత్రమేనా, బడి పిల్లలు ఏ దారిన నడుస్తారు, అంబులెన్సు ఏ దారిన రావాలి. ఈ జాబితా సిద్ధంగా వుంటే తరగతి కట్టటం గంట సేపటి పని. వూరి బడిలో ఉపాధ్యాయులు తలచుకుంటే విద్యార్థులకు ఇది మంచి భూగోళ పాఠం కూడా.

గోపన్‌పల్లి రోడ్ల చిక్కు గోపన్‌పల్లితో ఆగదు. నగరం ఔటర్‌ను దాటి మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు సాగుతున్నది. ప్రాంతీయ వలయ రహదారి ప్రతిపాదనలో వుంది. ఇవాళ బర్రెలు పోయే బాట పక్కన రేపు లేఅవుటు రాళ్ళు పాతుతారు. ఆ రోజు వచ్చేలోపు మన దారుల సంగతి మనమే సరిగ్గా రాసి పెట్టుకోవటం మంచిది. లేకపోతే మన వూరిని ఎన్నడూ చూడనివారు ఆకాశపు ఫోటో చూసి మన బాటకు తరగతి కడతారు. ఆ తరగతిని నమ్మి వచ్చే లారీ మన వాకిట్లోకే వస్తుంది.